బ్రిటన్ వారసత్వ పన్ను కాలిక్యులేటర్: బెంగళూరు నుంచి చాలాకాలం వాడాక నా అభిప్రాయం

మన దేశంలో చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే పన్నును, అంటే ఎస్టేట్ డ్యూటీని, 1985లోనే ఎత్తేశారు. అందుకే బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్లు ఎవరైనా పోయి, అక్కడ 40 శాతం పన్ను అనే మాట చెవిన పడితే ఇక్కడి కుటుంబాలు బెంబేలెత్తిపోతాయి. బర్మింగ్‌హామ్‌లో మా పెదనాన్న పోయాక ఆ లెక్క చూసే పని నా మీద పడింది. అక్కడి ఒక లాయర్ల సంస్థ సైట్‌లో ఉన్న ఉచిత కాలిక్యులేటర్ అప్పటి నుంచి వాడుతున్నాను. మా పని అయిపోయినా, మారతహళ్లిలో తెలిసిన తెలుగువాళ్ల కోసం ఇప్పటికీ తెరుస్తూనే ఉంటాను.

ఆస్తి ఎంత అని అడిగే ముందు, భార్య లేదా భర్త అంతకుముందే పోయారా, ఇల్లు ఎవరికి రాశారు అని అడుగుతుంది. నేను దీన్ని నమ్మేది ఇందుకే. ఇల్లు 5,60,000 పౌండ్లు, బ్యాంకులో 3,10,000, బెంగళూరు ఫ్లాట్ 1,50,000 అనుకుందాం. మొత్తం 10,20,000. పన్ను లేని పరిమితి 3,25,000 దాటినదానికంతా 40 శాతం వేస్తే పన్ను 2,78,000 పౌండ్లు! కానీ పెద్దమ్మ ముందే పోయి, ఆవిడదంతా పెదనాన్నకే వచ్చి ఉంటే, ఆవిడ వాడుకోని 3,25,000 కూడా కలుస్తుంది. ఉంటున్న ఇల్లు పిల్లలకు వెళ్తే ఇద్దరి తరఫునా 1,75,000 చొప్పున ఇంకో 3,50,000. పది లక్షలు పోగా మిగిలేది 20,000, దాని మీద పన్ను 8,000. పెద్దమ్మ 2017కి ముందు పోయినా ఆవిడ వంతు ఇంటి మినహాయింపు వస్తుంది. అయితే ఇవి వాటంతట అవి రావు, ఫారాల్లో అడిగి తీసుకోవాలి. ఈ తేడా చెప్పాకే మా అక్కకు ఇల్లు అమ్మేయాలేమో అన్న టెన్షన్ తగ్గింది.

ఒక జాగ్రత్త. పిల్లలు లేనివాళ్లు తమ్ముడి కొడుక్కో మేనల్లుడికో ఇల్లు రాయడం మనలో మామూలే. అలాంటప్పుడు ఇంటి మినహాయింపు రాదు. 'పిల్లలు, మనవలు' అన్న చోట వాళ్లను చూపించకండి.

నాకు నచ్చనిది బహుమతుల పేజీ. చనిపోయే ముందు ఏడేళ్లలో ఇచ్చింది లెక్కలోకి వస్తుంది. ఈ పేజీ తేదీ అడిగి, ఇచ్చి మూడేళ్లు దాటితే పన్ను 40 బదులు 32 శాతం, ఐదేళ్లు దాటితే 16 శాతం అని చూపిస్తుంది. కొడుక్కి ఇచ్చిన లక్ష పౌండ్లకు తగ్గింపు దొరికిందని అందరూ సంతోషపడతారు. అసలు సంగతి వేరు. ఆ లక్ష ముందుగా పన్ను లేని పరిమితిలోంచే పోతుంది. ఇచ్చినవన్నీ కలిపి ఆ పరిమితి దాటితేనే, దాటిన భాగానికి ఈ తగ్గింపు. పై ఉదాహరణలో ఆ లక్ష వల్ల పన్ను ఇంకో 40,000 పెరుగుతుంది. ఇంత ముఖ్యమైన మాట పేజీలో ఎక్కడా లేకపోవడం అన్యాయం. ఏటా 3,000 వరకు ఇచ్చినదీ, పెళ్లికి కన్నబిడ్డకు 5,000 వరకు ఇచ్చినదీ తీసేశాకే అంకె వేయండి.

ఇండియా ఆస్తికి ఒక్కటే గడి ఉంది. 2025 ఏప్రిల్ 6 నుంచి, గత 20 ఏళ్లలో కనీసం 10 ఏళ్లు బ్రిటన్‌లో ఉన్నవాళ్ల ఆస్తి ఎక్కడున్నా లెక్కలోకి వస్తుంది. ఒకే ఆస్తికి రెండుసార్లు ఈ పన్ను పడకుండా రెండు దేశాలు చేసుకున్న 1956 నాటి ఒప్పందం ఇంకా అమల్లో ఉంది. మన చట్టం ప్రకారం ఇండియానే శాశ్వత నివాసం అయినవాళ్లకు అది పనికి రావచ్చు. కాలిక్యులేటర్ దాని ఊసే ఎత్తదు, లాయర్‌ను అడగాల్సిందే. ఇక ఫ్లాట్ ధర దగ్గర మనవాళ్లు కర్ణాటక రిజిస్ట్రేషన్ల శాఖ కావేరి పోర్టల్‌లోని గైడెన్స్ వాల్యూ (రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం పెట్టే కనీస ధర) వేసేస్తారు. అక్కడివాళ్లకు కావలసింది చనిపోయిన రోజు నాటి మార్కెట్ ధర. రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో ఆ తేదీకే రిపోర్టు రాయించుకోండి.

ఫలితం పక్కనే గడువు కూడా చూపిస్తుంది. జనవరిలో చనిపోతే జూలై 31 లోపు కట్టాలి, దాటితే వడ్డీ. ఇంటి మీద పడే పన్నును పదేళ్ల వాయిదాల్లో కట్టుకునే వీలుంది. ఆ వడ్డీ లెక్క ఇందులో లేదు, దానికి అక్కడి పన్నుశాఖ హెచ్‌ఎంఆర్‌సీ కాలిక్యులేటర్ విడిగా ఉంది.