బీరువా వెనక పగులు: పాత ఇంటి గోడల తనిఖీ సేవపై సమీక్ష

గుంటూరులో 1978లో కట్టిన ఇల్లొకటి కొనదలచి, బయానా ఇచ్చేలోపే గోడలు చూపిద్దామని మే నెలలో ఒక ప్రైవేటు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాము. రెండుసార్లు వచ్చి చూసి, రాతపూర్వకంగా నివేదిక ఇవ్వడానికి ఆయన ఫీజు 9,000 రూపాయలు. అంతకుముందు చూసిన ఇద్దరు మేస్త్రీలలో ఒకరు పుట్టీ పెడితే సరిపోతుందనీ, మరొకరు పునాది కుంగింది కనుక ఆ ఇంటి జోలికే వెళ్లవద్దనీ చెప్పడంతో, ఈ ఖర్చు మాకు దండగ అనిపించలేదు.

ఆయన వచ్చీ రాగానే పడమటి గదిలోని బీరువాను పక్కకు జరపమన్నారు. దాని వెనక, కిటికీ కింది మూల నుంచి నేల వైపు ఇటుకల సందుల వెంట మెట్లుమెట్లుగా దిగిన పగులు కనబడింది. అంతవరకూ కొత్త రంగుల గురించి ఉత్సాహంగా చెబుతున్న మధ్యవర్తి మరి మాట్లాడలేదు. ఇంజనీరు టార్చి వెలుగులో పగులు అంచులను పరీక్షించి, కొత్త రంగు లోపలి దాకా దిగింది కనుక అది రంగులు వేయకముందే ఉన్న పగులని చూపించారు. గోడంతా వేలి కణుపులతో తట్టి, డొల్లగా మోగిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీశారు.

పూతపై వలలా అల్లుకున్న సన్నని గీతలను ఆయన పట్టించుకోలేదు. గోడకూ శ్లాబుకూ మధ్య అడ్డంగా సాగినది ఎండకు శ్లాబు సాగడం వల్ల వచ్చిందని ఒక్క మాటలో తేల్చేశారు. వంటగది సజ్జ కింద మాత్రం చాలాసేపు నిలబడ్డారు. అక్కడ కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బడంతో కాంక్రీటు పెచ్చులుగా రాలిపోతోంది. కాంక్రీటు గట్టిదనాన్ని అంచనా వేసే రీబౌండ్ హ్యామర్‌తో చూసినా, పాత కాంక్రీటు పైపొర కాలక్రమేణా గట్టిపడి అంకె ఎక్కువ చూపుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకూడదని ఆయనే హెచ్చరించారు.

బీరువా వెనక మెట్లుమెట్లుగా దిగిన పగులుపై ఆ రోజే తీర్పు చెప్పకపోవడం మొదట నాకు చిరాకు కలిగించినా, ఈ సేవలో అన్నిటికంటే విలువైనది అదేనని తరువాత అర్థమైంది. నల్లరేగడి నేల ఎండాకాలంలో ముడుచుకుని వానలకు ఉబ్బుతుంది కాబట్టి, పునాది లోతు సరిపోని ఇంట్లో మేలో తెరుచుకున్న పగులు వానాకాలంలో పూడుకోవచ్చు. అలా పూడుకోకుండా పెరుగుతూనే పోతే ఆ మూల నిజంగా కుంగుతున్నట్లు. యజమాని ఒప్పుకోగా పగులుకు అటూ ఇటూ రెండు ఇత్తడి స్క్రూలు బిగించి, వాటి మధ్య దూరాన్ని కాలిపర్‌తో కొలిచి 100.0 మిల్లీమీటర్లని రాసుకున్నారు. అన్నదమ్ముల వాటాల పత్రాలు ఆలస్యం కావడంతో మాకు సెప్టెంబరు దాకా ఎలాగూ గడువు దొరికింది. అప్పటి కొలత 98.6, అంటే పగులు కొంత పూడుకుంది. ఆ మూలకు దగ్గరలోని వేపచెట్టు ఎండాకాలంలో నేలలోని తేమను లాగేస్తోందనీ, పక్కనే పగిలిన మురుగు గొట్టం ఆ ఒక్క చోటే తడి నింపుతోందనీ, ముందు గొట్టం బాగుచేయించి, తొందరపడి చెట్టు కొట్టించకుండా మరో ఏడాది కొలతలు చూడాలనీ నివేదికలో రాశారు.

లోపాలు కూడా చెప్పాలి. నివేదిక అన్న తేదీకి 11 రోజులు ఆలస్యంగా వచ్చింది. అదీ పూర్తిగా ఇంగ్లీషులోనే ఉండడం వల్ల, డబ్బు పెడుతున్న మా నాన్నగారికి నేను పక్కన కూర్చుని ప్రతి పేజీ చదివి చెప్పవలసి వచ్చింది. హ్యామర్ పరీక్షకు వేరే రుసుము ఉంటుందని ముందుగా చెప్పలేదు. మరమ్మతుల అంచనాను సజ్జకెంత, గొట్టానికెంత, గోడకెంత అని విడదీయకుండా ఒకే మొత్తంగా ఇచ్చారు. బేరమాడేటప్పుడు మాకు అవసరమైనది ఆ విడి లెక్కే. దానికోసం మళ్లీ ఒక మేస్త్రీని పిలవక తప్పలేదు.

అయినా ఆ నివేదిక ముందు పెట్టాక యజమాని సజ్జ, గొట్టం ఖర్చులు ధరలో తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. అక్టోబరులో రిజిస్ట్రేషన్ పూర్తయింది. మిగతా గదులకు రంగులు వేయించినా పడమటి గోడను మాత్రం అలాగే వదిలేశాము. స్క్రూలు దానికే ఉన్నాయి. మే నెలలో మళ్లీ కొలవాలి.