బ్రోచర్‌లో బడి బొమ్మ చూసి బయానా ఇవ్వకండి: హన్మకొండ చుట్టుపక్కల ప్లాటు కొనేవాళ్లకు

హసన్‌పర్తి, మడికొండ, ధర్మసాగర్ దిక్కు ప్లాటు చూస్తున్నవాళ్లు, అందులోనూ చిన్న పిల్లలున్నవాళ్లు, ఇది కాస్త చదవండి. మేం కొన్న వెంచర్ పేరు రాయడం లేదు, వ్యవహారం ఇంకా నడుస్తోంది.

బ్రోచర్‌లో నడుమ పిల్లల పార్కు, పక్కనే ప్లే స్కూల్, గేటు దగ్గర క్లినిక్. ఇల్లు కట్టుకొని దిగాక చూస్తే పార్కు జాగ నిండా సర్కారు తుమ్మ. వానాకాలం మోకాలి లోతు నీళ్లు. ప్లే స్కూల్ జాగను కంపెనీ వాళ్లే కమర్షియల్ బిట్లు చేసి అమ్ముకున్నారు. అడిగితే ఏజెంటు "ప్రపోజ్డ్ అని కింద రాసినం గద సార్" అన్నాడు. నిజమే, రాశారు, చీమ తలకాయంత అక్షరాలతో.

కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఅవుట్ కాపీ చూస్తే అందులో బడీ లేదు, క్లినిక్కూ లేదు. పది శాతం జాగ ఓపెన్ స్పేస్‌గా వదిలి, గిఫ్ట్ డీడ్ చేసి మున్సిపాలిటీకో పంచాయతీకో అప్పజెప్పాలి కాబట్టి అదొక్కటి వదిలారు. అదీ కుంట శిఖానికి, అంటే నీళ్లు నిలిచే జాగకు, ఆనుకొని ఉన్న మూల. ప్లాటుగా అమ్ముడుపోనిదే పార్కు అయిందన్నమాట. కాబట్టి బ్రోచర్ పక్కన పెట్టి ఆమోదిత ప్లాన్ అడగండి. అది డ్రాఫ్టా, ఫైనలా కూడా చూడండి. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పనులు అయ్యేదాకా 15 శాతం ప్లాట్లు కుడా దగ్గర తాకట్టులో ఉంటాయి. ఫైనల్ వచ్చేది ఆ తర్వాతే. మీకు చూపిస్తున్న ప్లాటు ఆ తాకట్టులోదేమో కనుక్కోండి.

"జనం దిగితే అన్నీ అవే వస్తయి" అనే మాట అసలే నమ్మొద్దు. అంగన్‌వాడీ కేంద్రానికి లెక్క 400 నుంచి 800 మంది జనాభాకు ఒకటి. అక్కడ లెక్కకొచ్చేది కాపురముండే మనుషులు, అమ్ముడైన ప్లాట్లు కాదు. మా దాంట్లో ఎక్కువమంది రేటు పెరుగుతుందని కొని పెట్టుకున్నవాళ్లే. బాలామృతం పాకెట్టుకైనా, చిన్నదాని టీకాకైనా మా ఆవిడ పెద్ద రోడ్డు దాటి పాత ఊళ్లోకి పోవాల్సిందే. స్కూలు బస్సు కూడా లోపలికి రాదు, పిల్లలు సరిపోరంటారు.

సైట్ విజిట్ అంటే వాళ్లే పొద్దున కారెక్కించి తీసుకుపోయి భోజనం పెట్టి పంపిస్తారు. మీరు సొంతంగా చీకటి పడ్డాక ఒకసారి పోండి. ఎన్ని ఇళ్లలో లైట్లు వెలుగుతున్నాయో కనబడుతుంది. పక్క ఊరి అంగన్‌వాడీ టీచరమ్మను కలిసి, ఆ వెంచర్ ఇళ్లు తన సర్వేలో ఉన్నాయా అని అడగండి. ఏ ఏజెంటూ చెప్పని సంగతులు ఆమె చెబుతుంది.

500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ప్రకటన మీద ఆ నంబరు ఉండాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. ప్రకటనలో అబద్ధం చెప్పి నష్టపరిస్తే పరిహారం అడిగే హక్కు 2016 రెరా చట్టంలోనే, 12వ సెక్షన్‌లో ఉంది. అందుకే బ్రోచర్లు, వాట్సాప్ వీడియోలు పారేయకండి.

మేం కొందరం కలిసి రెరాకు ఫిర్యాదు తయారుచేస్తున్నాం. ఇది ఏ వెంచరో గుర్తుపట్టి, మొదట పంచిన బ్రోచర్ ఇంట్లో దాచుకున్నవాళ్లుంటే రెండు వైపులా ఫొటో తీసి నాకు మెసేజ్ పెట్టండి. కొత్తగా వేసినదాంట్లో ప్లే స్కూల్ బొమ్మ తీసేశారు.