ఎడారి ఇంట్లో సోలార్, చిన్న గాలిమర: ఏళ్ల వాడకం తర్వాత నా మార్కులు

మార్కులు ముందే చెప్పేస్తా. సోలార్ ప్యానెళ్లకు పదికి తొమ్మిది. ఇంటి గాలిమరకు ఐదు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి నాలుగు, అదీ మొహమాటానికి.

మాది రాయలసీమలో రామగిరి వైపు. గాలిమరల మెయింటెనెన్స్ పని మీద రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్ జిల్లాకు వచ్చి, ఓ ఢాణీలో అద్దెకు ఉంటున్నాను. ఢాణీ అంటే పొలాల మధ్య విసిరేసినట్టుండే నాలుగైదు ఇళ్లు. తలెత్తితే పెద్ద గాలిమరలే. 2001లో మొదలైన జైసల్మేర్ విండ్ పార్క్ ఇప్పుడు వెయ్యి మెగావాట్లు దాటింది. ఆ కరెంటంతా మా నెత్తి మీదుగానే పోతుంది, మా ఇంట్లోకి మాత్రం దిగదు. హై టెన్షన్ తీగకు ఇంటి మీటరు తగిలించలేం కదా. ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఇసకలో స్తంభాల వరస కావాలి. నాలుగిళ్ల కోసం ఎవరు వేస్తారు?

ఇంటి యజమాని కాకోసాకు (ఇక్కడ బాబాయిని అలా పిలుస్తారు) ఇంటింటికీ కరెంటు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సౌభాగ్య పథకం కింద సోలార్ ప్యాక్ వచ్చింది. 2017లో పెట్టిన ఆ పథకంలో, తీగ చేరని ఇళ్లకు 200 నుంచి 300 వాట్ల ప్యానెల్, బ్యాటరీ, ఐదు ఎల్‌ఈడీ బల్బులు, ఒక డీసీ ఫ్యాను, ఒక ప్లగ్ ఇచ్చారు. దీపాలకూ ఫోన్లకూ దానికి వంక పెట్టలేం. ఫ్రిజ్ మాటెత్తకూడదు, అంతే. నాకు ఫ్రిజ్ కావాల్సి వచ్చి సొంతంగా 330 వాట్ల ప్యానెళ్లు రెండు, ముప్పై అడుగుల స్తంభం మీద కిలోవాట్ గాలిమర, 24 వోల్టుల బ్యాటరీ బ్యాంకు పెట్టించుకున్నాను.

ఎండ మండిపోతుంటే ప్యానెల్ దంచి కొడుతుందనుకుంటారు. కాదు. ప్యానెల్‌కు కావాల్సింది వెలుగు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్యానెల్‌లోని సెల్ వేడెక్కే ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం కరెంటు తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు చేరితే ఆరో వంతు గాలికి పోయినట్టే. చలికాలపు తేట ఎండలో మీటరు చూస్తే ముచ్చటేస్తుంది.

అసలు శత్రువు దుమ్ము. ముతక ఇసక జారిపోతుంది, సన్నటి పొడి అంటుకుంటుంది. చలికాలం తెల్లవారుజామున మంచు పడితే ఆ పొడి బురద పొరలా గట్టిపడుతుంది. పొడిగుడ్డతో రుద్దితే అద్దం గీతలు పడుతుంది. కడుగుదామంటే నీళ్లేవి? ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట, టాంకాలో, అంటే వాననీళ్లు పట్టే నేలతొట్టిలో, దాచుకున్న నీళ్లవి. మొదటిసారి బకెట్ పట్టుకెళ్తే కాకోసా భార్య కాకీసా ఊరుకోలేదు: "మేకలకే చాలక ఏడుస్తుంటే అద్దాలకు స్నానమా?" అప్పట్నుంచి పొద్దెక్కకముందే మెత్తటి బ్రష్‌తో దులిపి, ఒక చెంబు నీళ్లతో తడిగుడ్డ పెడుతున్నాను. జారిన నీళ్లు కింద నాటిన ఖేజ్డీ మొక్కకు, అంటే మన జమ్మికి, పోతాయి. మండుటెండలో కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు మాత్రం పోయకండి, పగలొచ్చు. ఇంకో బెడద నెమళ్లు. ప్యానెల్ పై అంచున కూర్చుని రెట్ట వేస్తాయి. ఒక్క సెల్ మూసుకుపోతే ఆ వరసంతా పడుకుంటుంది.

ఇక గాలిమర. డబ్బా మీద రాసే వెయ్యి వాట్లు సెకనుకు 12 మీటర్ల గాలికి. వేగం సగమైతే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అంటే ఆరు మీటర్ల గాలికి 125 వాట్లే. దాని గొప్పతనం వేసవి రాత్రుల్లో కనిపిస్తుంది. మే నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి రాత్రుళ్లూ వీస్తుంది, ఫ్యాన్లు ఆగకుండా తిరగాల్సిన కాలమూ అదే. ఆంధీ, అంటే దుమ్ము తుఫాను, లేచి సూర్యుడు మసకబారిన రోజున ప్యానెళ్లు చేతులెత్తేస్తే ఇదే ఆదుకుంది. నవంబరు వచ్చిందంటే మాత్రం అలంకారానికి నిలబడుతుంది. ఇసక దూరి బేరింగులు గుర్రుమంటాయి. స్తంభం వంచి దించాలంటే నలుగురు మగాళ్లు, ఒక తాడు, ఒక పూట కావాలి. పగలంతా పెద్ద మరలెక్కి, సాయంత్రం ఇంట్లో చిన్నదానికీ చాకిరీ చేయడం నాకే విసుగు.

బ్యాటరీని వేడి తినేస్తుంది. పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. పక్క జిల్లాలోని ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. అలాంటి చోట రేకుల షెడ్డులో బ్యాటరీ పెట్టడమంటే ఉడకబెట్టడమే. మట్టిగోడల పూరింట్లో నేల మీద చెక్క వేసి పెట్టండి, ఛార్జింగ్‌లో సగానికి మించి వాడకండి, డిస్టిల్డ్ వాటర్ తగ్గకుండా చూడండి. తర్వాత నేను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మారాను. నీళ్ల గోల లేదు. వేడి మరీ హద్దు దాటితే లోపల బ్యాటరీకి కాపలా కాసే సర్క్యూట్, బీఎంఎస్, ఛార్జింగ్ ఆపేస్తుంది, అందుకని దాన్నీ ఆ పూరింట్లోనే ఉంచాను.

మళ్లీ కొనాల్సి వస్తే గాలిమర డబ్బుతో ఇంకో రెండు ప్యానెళ్లు వేస్తాను. రాయలసీమలో తోట ఇళ్లకు అడుగుతున్న స్నేహితులకూ అదే చెబుతున్నా.

ఎవరూ చెప్పని ఖర్చొకటుంది: ఎర్తింగ్. నాకు అమ్మిన డీలర్ పొడి ఇసకలో ఒక కడ్డీ దిగ్గొట్టి వెళ్లిపోయాడు. పొడి ఇసక కరెంటును భూమిలోకి పోనివ్వదు. ఉరుముల వానకు, బ్యాటరీలోకి పోయే కరెంటును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ కాలిపోయింది. వారంటీ అడిగితే "పిడుగుకు వర్తించదు" అన్నాడు. గొయ్యి తవ్వించి బొగ్గు, ఉప్పు నింపి, స్నానాల నీళ్లు అందులోకి మళ్లించాను. ఇప్పుడు ఎర్త్ తడారడం లేదు, కొత్త కంట్రోలర్ ఇంకా బతికే ఉంది.