కాశీకి విమానం టికెట్టు: లెక్క అనంతపురం గడప నుంచి మొదలుపెట్టండి

కాశీ దగ్గర బాబత్‌పూర్ విమానాశ్రయంలో మా అమ్మ, మా అత్తమ్మ పది గంటలు ఇనుప కుర్చీల్లో కూర్చున్నారు. అమ్మకు డెబ్బై ఒకటి. రెండు మోకాళ్ళూ అరిగిపోయినాయి. అత్తమ్మకు చక్కెర జబ్బు, వేళకు అన్నం పడకపోతే చేతులు వణుకుతాయి. టికెట్ల మీద 2,900 రూపాయలు మిగుల్తాయని చూసుకున్నందుకు వాళ్ళిద్దరూ ఆ పది గంటలు పడినారు. ఇంటికొచ్చి నెల దాటినా నా మనసులో నుంచి అది పోలేదు. మన పక్క నుంచి పెద్దవాళ్ళను తీసుకుని పోయేవాళ్ళు ఇంకా ఉంటారు కదా, వాళ్ళ కోసం రాస్తున్నాను.

అనంతపురానికి విమానాశ్రయం లేదు. పుట్టపర్తిలో ఉంది గానీ మనం టికెట్టు కొని రోజూ ఎక్కే సర్వీసులు దానికి లేవు. కడపలో 2015లో, కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021లో తెరిచినారు. అవి ఆ ఊళ్ళవాళ్ళకు ఉపయోగం. మాకు మాత్రం బెంగళూరు దగ్గరి దేవనహళ్ళి విమానాశ్రయమే. 44వ నంబరు హైవే మీద పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటితే బెంగళూరు ఊళ్ళోకి పోకుండానే విమానాశ్రయం వచ్చేస్తుంది. మూడు గంటల దారి. ఆంధ్రా బండి కర్ణాటకలోకి పోవాలంటే పర్మిట్ ట్యాక్స్ వేరే కట్టాల్సి రావచ్చు. టాక్సీ మాట్లాడేటప్పుడే అదీ, టోలూ కలిపి చెప్పమనండి. మాకు పోయేదానికి అన్నీ కలిపి 5,200 అయింది.

కార్తీక పౌర్ణమికి కాశీలో దేవ దీపావళి. ఆ నాలుగు రోజులు టికెట్ల ధరలు చూసి భయపడి, పౌర్ణమి దాటినాక పోదామనుకున్నాం. నేను, మా ఆయన, అమ్మ, అత్తమ్మ. పోయేటప్పటి టికెట్ల కోసం రెండు రాత్రులు ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చున్నాం. తెల్లవారుజామున 5.50కి నేరుగా పోయేది మనిషికి 5,940. ఉదయం 10.45కి ఇంకో సంస్థది 7,180. మధ్యలో ఒక ఊళ్ళో దిగి మారేది 5,310, అయితే ఏడు గంటలు పడుతుంది. మారేదాన్ని మొదటే తీసేసినాం. మిగిలిన రెంటికీ నలుగురికి కలిపి తేడా 4,960 రూపాయలు.

మా ఆయన 5.50 దానికే మొగ్గినాడు. నేను కాగితం మీద రాసి చూపించినాను. ఆ విమానం ఎక్కాలంటే నాలుగింటికి దేవనహళ్ళిలో ఉండాల. అంటే రాత్రి ఒంటిగంటకు ఇల్లు కదలాల, లేకుంటే ముందు రోజే పోయి విమానాశ్రయం దగ్గర లాడ్జిలో దిగాల. రెండు గదులకు 4,400 అడిగినారు. రాత్రి భోజనం, అక్కడి నుంచి పొద్దున ఆటోనో కారో వేరే. మిగిలేది ఏముంది? 10.45 దానికే కొన్నాం, సంస్థ సొంత వెబ్‌సైట్లో, నా ఫోన్ నంబరు ఇచ్చి. ఐదింటికి ఇంట్లో చిత్రాన్నం కట్టుకుని బయల్దేరినాం.

ఆ ప్రయాణం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అంత బాగా జరిగింది. ఒక్క చక్రాల కుర్చీ సంగతి మాత్రం చెప్పాల. టికెట్టు తీసుకున్నప్పుడే అమ్మకు కావాలని పెట్టినాం, అది ఉచితం. కనీసం రెండు రోజుల ముందైనా చెప్పాల. దేవనహళ్ళిలో కుర్చీ తోసిన పిల్లోడు మరాఠీవాడు, తెలుగు రాదు. అయినా అమ్మ పాదాలు కింద రాసుకోకుండా చీర కుచ్చెళ్ళు సర్ది మరీ కూర్చోబెట్టినాడు. విమానం తలుపు దాకా తీసుకుపోయి చేయి పట్టుకుని దింపినాడు. "కన్నకొడుకు కూడా ఇట్ల చూడడు" అని అమ్మ మా ఆయన ముందరే అనేసింది.

కాశీలో నాలుగు రాత్రులు. గోదౌలియా దగ్గర లాడ్జి, గది 1,800, శుభ్రంగా ఉంది. విశ్వనాథుని గుడి నుంచి గంగ దాకా వేసిన కారిడార్ 2021 డిసెంబరులో తెరిచినాక పెద్దవాళ్ళకు నడక తగ్గింది. మూడు పూటలు మానససరోవర్ దగ్గర శ్రీ రామతారక ఆంధ్ర ఆశ్రమంలో పంక్తి భోజనం చేసినాం. రెండు రోజులు పూరీలు, కచోరీలు తిని నీరసపడిన అత్తమ్మ అక్కడ పప్పు, చారు, మజ్జిగ చూసి కళ్ళు తుడుచుకుంది. మేం హుండీలో వేసినంత వేసి వచ్చినాం. పోయినవాళ్ళు తప్పకుండా వేయండి.

ఇంక తిరుగు ప్రయాణం. దాని టికెట్లు మాత్రం మా ఆయన తనకు తెలిసిన ట్రావెల్ ఏజెంటు దగ్గర చేయించినాడు. మధ్యాహ్నం 1.55కి బయల్దేరి 4.35కి దేవనహళ్ళిలో దిగేది, మనిషికి 5,465. ఏజెంటుకు 800. మొత్తం 22,660. అదే పూట 2.40కి ఇంకో సంస్థ విమానం 6,390 చొప్పున 25,560 ఉండింది. 2,900 మిగుల్తుందని మా ఆయన, రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటామని నేను, ఇద్దరం ఒప్పుకున్నాం. ఆ సంస్థకు ఆ దారిలో రోజుకు నేరుగా పోయేది ఒక్క విమానమే ఉందని మేం చూడలేదు. టికెట్టు మీద ఏజెంటు తన సొంత నంబరే పెట్టుకున్నాడని అసలే చూడలేదు.

లాడ్జి ఖాళీ చేసి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, 11.40కి బాబత్‌పూర్ చేరినాం. బోర్డు మీద మా విమానం లేదు. కౌంటరులో అమ్మాయి టికెట్టు చూసి, మీ విమానం రాత్రి 9.40కి మారింది, మూడు రోజుల కిందటే మెసేజ్ పంపినాం అనింది. తలెత్తి మా మొహం కూడా చూడలేదు. ఏజెంటుకు ఫోన్ చేస్తే ఐదోసారికి ఎత్తినాడు. "అన్నా, పెళ్ళి పనుల్లో ఉన్న్యా, మెసేజ్ చూసుకోలేదన్నా" అన్నాడు.

విమాన సంస్థలకు నిబంధనలు పెట్టే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ. దాని నిబంధనల ప్రకారం ఆరు గంటలు మించి ఆలస్యమైతే వేరే విమానమో, మొత్తం డబ్బు వాపసో, ఏది కావాలో ప్రయాణికుడే చెప్పవచ్చు. మా ఆయన ఆ పేజీ ఫోన్లో తీసి చూపించేదాకా కౌంటరులో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అప్పుడు సూపర్‌వైజర్ వచ్చి, డబ్బు వాపసు తీసుకోండి అన్నాడు. తీసుకుని ఏం చేయాల? 2.40 విమానానికి అప్పటికప్పుడు మనిషికి 11,870 చూపిస్తోంది. చేతికి వచ్చేది 21,860, కట్టాల్సింది 47,480. అదే మెసేజ్ మూడు రోజుల ముందు నా ఫోన్‌కు వచ్చి ఉంటే కాశీలో గదిలో కూర్చునే వేరే టికెట్టు చూసుకునేవాళ్ళం. హోటల్ గది అడిగినాం. పగటి విమానానికి ఆలస్యం ఇరవై నాలుగు గంటలు మించితేనే గది ఇస్తారంట. నిబంధన చదివితే అది నిజమే. తిండి అడిగితే ముందే చెప్పినాం కదా అని మొదట పొమ్మన్నారు. మా ఆయన గొంతు పెంచినాక నాలుగు సాండ్‌విచ్‌లు, నాలుగు నీళ్ళ సీసాలు వచ్చినాయి. చల్లటి సాండ్‌విచ్ అత్తమ్మ ముట్టుకోలేదు.

అంతకన్నా బాధ సామాను. సాయంత్రం దాకా బ్యాగులు తీసుకోము అన్నారు. బ్యాగులు ఇవ్వనిదే సెక్యూరిటీ దాటి లోపలికి పోలేం. మంచి కుర్చీలు, తిండి దుకాణాలు ఎక్కువ ఉండేది లోపలే. ఊళ్ళోకి తిరిగి పోదామా అంటే పాతిక కిలోమీటర్లు, ఆ ట్రాఫిక్, మళ్ళీ గది బాడుగ. "నేను ఇంగ యాడికీ కదల్లేను పాపా" అనేసింది అమ్మ. అత్తమ్మ నోరు తెరవలేదు. కొడుకు వైపు చూడడం కూడా మానేసింది. గంగ నీళ్ళ చెంబులున్న సంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇద్దరు వియ్యపురాళ్ళూ అంతసేపు ఒకరికొకరు చెప్పుకున్న మాట ఒక్కటే: "మందు ఏసుకున్న్యావా వదినా?"

రాత్రి 12.20కి దేవనహళ్ళిలో దిగాల్సింది 12.50కి దిగినాం. రాత్రి బండి అని డ్రైవరు వెయ్యి ఎక్కువ తీసుకున్నాడు. బాబత్‌పూర్‌లో ఇడ్లీ, టీ, బిస్కెట్లకు 1,940 అయింది. రెండూ కలిపితే 2,940. మిగిలిందనుకున్నదానికి నలభై రూపాయలు ఎక్కువే. ఇల్లు చేరేసరికి నాలుగున్నర. అమ్మ మోకాలు వారం రోజులు వాచే ఉండింది.

అందుకే టికెట్టు ధర ఒక్కటే చూడొద్దు అంటున్నాను. ఆ దారిలో ఆ సంస్థకు రోజుకు ఎన్ని విమానాలున్నాయో చూడండి. ఒకటి పోతే రెండోది ఉండాల. దేవనహళ్ళిలో దిగేది సాయంత్రం ఆరు లోపల ఉండాల. పెద్దవాళ్ళుంటే ఐదారు వందల తేడాకు ఇందులో వెనక్కి తగ్గొద్దు. ఏజెంటు దగ్గరే చేయించుకుంటే టికెట్టు మీద మీ నంబరు, మీ మెయిల్ ఉందో లేదో డబ్బు ఇచ్చే ముందే చూసుకోండి. వెబ్ చెక్-ఇన్, అంటే ముందే నెట్‌లో బోర్డింగ్ పాస్ తీసుకోవడం, వాళ్ళకు వదలొద్దు. మేమే చేసుకుని ఉంటే విమానం మారిన సంగతి అప్పుడే బయటపడేది.

చౌక ధర వెనక ఏముందో కూడా చదవండి. ఇండిగో, ఆకాశ, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ మూడింట్లోనూ మామూలు దేశీయ టికెట్టుకు కౌంటరులో ఇచ్చే చెక్-ఇన్ సామాను 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. ఎక్స్‌ప్రెస్‌లో లైట్ అనే టికెట్టుకు చెక్-ఇన్ సామాను ఉండదు. ఈ మూడింట్లో తిండి మామూలుగా కొనుక్కోవాల్సిందే. ఎండు కొబ్బరి పెట్టెలో పెడితే తీసి పక్కన పెట్టేస్తారు. టికెట్టు మీరే రద్దు చేసుకుంటే బేస్ ఫేర్ అంటే అసలు టికెట్టు ధర పోయినా పన్నులు, విమానాశ్రయం పేరున వేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వాపసు ఇవ్వాల్సిందే. చాలామంది అది అడగరు, అడగండి. కర్నూలువాళ్ళు ఓర్వకల్లులో ఎక్కి ఇంకో ఊళ్ళో మారాలనుకుంటే రెండూ ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఆ నష్టం మీదే.

విమాన ప్రయాణికుల ఫిర్యాదులకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టినాను. టికెట్టు మీదున్న నంబరుకు మెసేజ్ పంపినాం అని సంస్థ జవాబు రాసింది. ఏజెంటు తన 800 తిరిగి ఇచ్చినాడు, మా ఆయన వాడి అంగట్లో గంట సేపు నిలబడినాక.

మా తోడికోడలు వాళ్ళు జనవరిలో కాశీకి పోతామంటున్నారు. అప్పుడు అక్కడ పొగమంచు. తెల్లవారుజామున, రాత్రి పూట విమానాలకే ఎక్కువ ఇబ్బంది. మధ్యాహ్నం పూటవే చూడమన్నాను. ఇంకా కొనలేదు, రోజూ రాత్రి ఫోన్ చేసి ధరలు చదివి వినిపిస్తోంది.