చాప్టర్ 7 కాగితాలు నింపిపెట్టే సర్వీసు: ఐదుకి రెండు స్టార్లు

మన వైపు "ఐపీ పెట్టేశాడు" అంటే ఇక ఆ ఇంటి ముందు నుంచి కూడా నడవరు. అమెరికాలో నేనే పెట్టాను, చాప్టర్ 7 అనే రకం దివాలా. లాయరు ఫీజుకి చాలక, ఆన్‌లైన్‌లో దివాలా కాగితాలు నింపిపెట్టే సర్వీసొకటి పట్టుకున్నాను. పేరు రాయను.

టైపింగుకి వంక పెట్టలేను. ఏడు కార్డుల బాకీలూ పైసాతో సహా ఎక్కించారు. రెండు స్టార్లూ అందుకే.

పేచీ అంతా కోర్టు దగ్గర మొదలైంది. దివాలా చట్టం ఫెడరల్‌దే, కానీ ఏ కోర్టు పద్ధతి దానిది. అప్పులవాళ్ల అడ్రసుల జాబితా ఈ కోర్టు అడిగినట్టు లేదని కౌంటరులో ఆవిడ వెనక్కిచ్చేసింది. లీగల్ సలహా ఇవ్వనని ముందే చెప్పిందిగానీ, 338 డాలర్ల ఫీజు వాయిదాల్లో కట్టుకోడానికి 103ఎ అనే ఫారం ఉందని చెప్పింది ఆవిడే. సర్వీసువాళ్లు ఆ ఊసే ఎత్తలేదు.

అసలు తప్పు వేరే. నేను న్యూజెర్సీ నుంచి టెక్సాస్ వచ్చి 14 నెలలు. గత 180 రోజుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉన్నాను కాబట్టి కేసు ఇక్కడే. కానీ కారు, సామాను దక్కించుకునే మినహాయింపులకి లెక్క మారుతుంది: 730 రోజులుగా ఒకే రాష్ట్రంలో లేకపోతే, ఆ 730 రోజులకి ముందు 180 రోజులు ఎక్కడున్నామో చూస్తారు. అంటే నాకు న్యూజెర్సీ. వీళ్లు ఇప్పటి అడ్రసొక్కటే అడిగి మినహాయింపులు రాసే షెడ్యూల్ సీ ఫారంలో టెక్సాస్ చట్టం రాసి పారేశారు. నిజానికి ఏ మినహాయింపు తీసుకోవాలో తేల్చడం లాయరు పని, వీళ్లు చెయ్యకూడదు.

దివాలా పెట్టినవాళ్లని ప్రమాణం మీద ప్రశ్నించే 341 మీటింగు జూమ్‌లో జరిగింది, అందులో ఇది బయటపడింది. జడ్జి ఉండడు, కేసు చూసే ట్రస్టీయే అడుగుతాడు. లైసెన్సు కెమెరా ముందు పెట్టించి, ప్రమాణం చేయించి, "టెక్సాస్ ఎప్పుడొచ్చారు?" అన్నాడు. నెల చెప్పాను. తల దించి కాగితాలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. ఆ నిశ్శబ్దంలో మా ఫ్రిజ్ చప్పుడు వినిపించింది. తర్వాత, వేరే దేశంలో ఆస్తులున్నాయా అన్నాడు. నాన్న నా పేరున కొన్న 150 గజాల స్థలం నేనే పట్టుబట్టి రాయించాను కాబట్టి బతికిపోయాను. సర్వీసువాళ్ల ప్రశ్నల్లో అది లేనే లేదు.

షెడ్యూల్ సీ ఉచిత లీగల్ క్లినిక్‌లో ఒక లాయరు సరిచేసిపెట్టాడు. వీళ్లని డబ్బు వెనక్కివ్వమంటే, "సవరణ కూడా మేమే చేస్తాం సార్, ఇంకో 90 డాలర్లు" అన్నారు.