మళ్లీ ఆర్‌సీ (రేడియోతో నడిపే) విమానం మొదలుపెట్టేవాళ్లకు ఫోమ్ ట్రైనర్ సెట్టు: పర్లాకిమిడి పొలాల్లో చాలాకాలం వాడాక

సెట్టు ఇది: ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 రిమోటు, దానితో వచ్చే ఐఏ6బి రిసీవరు, 2212 సైజు 1000 కేవీ (వోల్టుకు నిమిషంలో వెయ్యి చుట్లు) బ్రష్‌లెస్ మోటారు, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరం), 10×4.5 అంగుళాల ప్లాస్టిక్ ప్రొపెల్లరు, రెక్క, తోక పలకలను కదిపే 9 గ్రాముల సర్వోలు నాలుగు, 3ఎస్ (మూడు సెల్లుల) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, వీటిని మోసే 140 సెంటీమీటర్ల హైవింగ్ (రెక్క పైన ఉండే) ఫోమ్ ట్రైనరు. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల పొలాల్లో, బరంపురం వైపు బయళ్లలో, ఎండాకాలం చలికాలం రెండింట్లోనూ వాడాం. నైట్రో ఇంజన్ల రోజుల్లో ఎగరేసి, మధ్యలో ఏళ్లపాటు వదిలేసి, ఇప్పుడు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈ సెట్టులో రిమోటూ మోటారూ ఏళ్ల తరబడి పనిచేస్తాయి. విమానాన్ని నేలకు దించేవి చిన్న సామాన్లు: సర్వోల పళ్లు, ఈఎస్‌సీలో ఉంటూ రిసీవరుకూ సర్వోలకూ కరెంటిచ్చే బీఈసీ, వదులైన కనెక్టర్లు, బ్యాటరీని చూసుకునే తీరు. చేతిలో ఇంకో రెండు వేలుంటే పెద్ద మోటారు కొనకండి, వీటి మీద పెట్టండి.

పాతవాళ్లకు మొదట తేడా కనిపించేది రేడియోలో. క్రిస్టల్ మార్చుకోవడం, పక్కవాడు అదే ఫ్రీక్వెన్సీలో ఉన్నాడేమో అని కేకేసి అడగడం, మీటరు పొడవు ఏంటెనా లాగడం ఇప్పుడు లేవు. 2.4 గిగాహెర్ట్జ్ రిమోటు రిసీవరుతో ఒకసారి జత కట్టాక ఇంకొకరి రిమోటు దాన్ని కదపలేదు. కొనే ముందు మోడ్ ఏదో చూసుకోండి. థ్రాటిల్, అంటే మోటారు వేగం మార్చే స్టిక్కు, ఎడమ చేతికి ఉంటే మోడ్ 2, కుడి చేతికి ఉంటే మోడ్ 1. బుర్ర మర్చిపోయినా వేళ్లు పాత అలవాటును మర్చిపోవు, అందుకే అప్పట్లో ఏ మోడ్‌లో నేర్చుకున్నారో అదే తీసుకోండి.

ఈ రిమోటులో ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నలు తెగితే మోటారు ఆగే ఏర్పాటు, మనమే పెట్టుకోవాలి. మెనూలో రిసీవరు సెటప్‌లోకి వెళ్లి, థ్రాటిల్ పూర్తిగా కిందికి దించి, మూడో ఛానెల్‌కు ఫెయిల్‌సేఫ్ ఆన్ చేయండి. తర్వాత ప్రొపెల్లరు విప్పి, మోటారు సగం వేగంలో తిప్పుతూ రిమోటు ఆపండి. రిసీవరు ఆన్‌లో ఉండగా స్విచ్చితో ఆగకపోతే ఒక సెల్లు బయటికి లాగండి. మోటారు వెంటనే ఆగాలి. ఆగని విమానాన్ని పొలానికి తీసుకెళ్లొద్దు. ఎక్స్‌పో, అంటే స్టిక్కు మధ్యలో స్పందన తగ్గించే అమరిక, 30 శాతం దగ్గర పెట్టుకుంటే చేతి వణుకు విమానానికి అంతగా తగలదు. పెట్టాక తెర మీది గ్రాఫులో గీత మధ్యభాగం పడుకున్నట్టు కనిపించాలి. నిటారుగా లేచిందంటే ప్లస్ మైనస్ గుర్తు తిరగబడింది.

ఇక బాడీ. ఈ ప్రాంతంలో ఎక్కువమంది దెబ్బతినేది ఫోమ్ కొనేటప్పుడే. ఫ్లెక్సీ దుకాణంలో "ఫోమ్ షీటు" అని అడిగితే చాలాసార్లు సన్‌బోర్డు ఇస్తారు. చూడ్డానికి తెల్లగా నున్నగా ఉంటుంది కానీ అది పీవీసీ. 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు చదరపు మీటరుకు రెండు కిలోలు దాటుతుంది. విమానాలకు వాడే తేలికపాటి ఫోమ్ షీటు డెప్రాన్ 6 మిల్లీమీటర్లది అయితే దాదాపు 200 గ్రాములే. సన్‌బోర్డుతో కట్టిన ట్రైనరు లేవడం లేస్తుంది, కానీ వేగం తగ్గించగానే రాయిలా దిగుతుంది. దుకాణానికి చిన్న కాటా తీసుకెళ్లి ముక్క తూచి కొనండి. రెక్క 140 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు అంటే 28 చదరపు డెసిమీటర్లు. బ్యాటరీతో కలిపి బరువు 900 గ్రాములైతే చదరపు డెసిమీటరుకు 32 గ్రాములు పడుతుంది. నేర్చుకునేవాళ్లకు అది హాయిగా ఉంటుంది. 40 దాటితే దిగేటప్పుడు చేతులు తడబడతాయి.

థర్మాకోల్ వాడితే మాత్రం ఫెవిక్విక్ లాంటి జిగురు దగ్గరికి రానివ్వకండి, ఫోమ్‌ను తినేస్తుంది. వంచినా విరగని ఈపీపీ ఫోమ్‌కు అది బాగానే పట్టుకుంటుంది. గ్లూ గన్‌తో పని తొందరగా అవుతుంది, కానీ ఏప్రిల్, మే ఎండలో మూసిన కారులో పెట్టిన విమానానికి ఆ జిగురు మెత్తబడి మోటారు మౌంటు పక్కకి ఒరుగుతుంది. మోటారు మౌంటుకూ రెక్క మధ్య అతుకుకూ ఆరాల్డైట్ వాడి, రాత్రంతా ఆరనివ్వండి. మిగతాచోట్ల గ్లూ గన్ చాలు. రెక్కను కట్టే రబ్బరు బ్యాండ్లు ఈ వేడికి పెళుసై తెగిపోతాయి. సైకిల్ ట్యూబును సెంటీమీటరు వెడల్పు వలయాలుగా కోసి కట్టుకుంటే ఎక్కువ కాలం ఆగుతాయి.

బరువు కేంద్రం, అంటే సీజీ, రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉండాలి. 20 సెంటీమీటర్ల రెక్కకు 5 నుంచి 6.5 సెంటీమీటర్లు. మొదటి రోజు 5 దగ్గరే పెట్టండి. రెక్క కింద రెండు వేళ్లు ఆనించి ఎత్తితే ముక్కు కొద్దిగా కిందికి వాలాలి. బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి సరిచేయాలి, మేకులూ సీసం ముక్కలూ చేర్చి కాదు. తోక బరువైన విమానం లేచీ లేవగానే ముక్కు పైకెత్తి ఆగి, ఒక రెక్క మీద పడుతుంది. అప్పుడు రిమోటు ఏం చేసినా లాభం లేదు. మోటారును రెండు మూడు డిగ్రీలు కిందికి, రెండు డిగ్రీలు కుడికి వంచి బిగిస్తే థ్రాటిల్ ఇచ్చినప్పుడు ముక్కు పైకి గెంతదు, ఎడమకు లాగదు.

మోటారు విషయంలో మాకు ఫిర్యాదు లేదు. ఈ ప్రొపెల్లరుతో 3ఎస్ మీద పూర్తి థ్రాటిల్‌లో 15 ఆంపియర్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. ఈఎస్‌సీకి అది తేలిక. తిరిగే దిక్కు తప్పైతే మూడు తీగల్లో ఏవైనా రెండు అటూ ఇటూ మార్చండి. తూర్పు తీరం వాళ్లకు ఒక హెచ్చరిక: ఛత్రపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ అనే ప్రభుత్వ సంస్థ ఇల్మెనైట్ ఖనిజం తీసే ఇసుక ఎలాంటిదో, ఆ తీరం పొడుగునా నల్లటి ఇసుక అలాంటిదే కనిపిస్తుంది. మోటారు అయస్కాంతాలు ఆ రేణువుల్ని లోపలికి లాక్కుంటాయి. ఇసుకలో దిగాక మోటారు చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే బ్యాటరీ పెట్టకండి. మెత్తటి బ్రష్షుతో, సెల్లో టేపు అంటించి లాగి, శుభ్రం చేయండి. గాలి ఊదితే ఇంకా లోపలికి పోతాయి.

అసలు బలహీనత ఈఎస్‌సీలోని బీఈసీ. చౌక రకాల్లో అది లీనియర్. బ్యాటరీ 12 వోల్టులు, రిసీవరుకు కావాల్సింది 5 వోల్టులు. మిగిలిన 7 వోల్టులూ వేడిగా మారతాయి. సర్వోలు ఒక ఆంపియరు లాగితే 7 వాట్ల వేడి, అదీ ఫోమ్ పొట్టలో, గాలి ఆడని చోట. పెట్టె మీద 2 ఆంపియర్లని రాసినా 3ఎస్ మీద నాలుగు సర్వోలు ఒకేసారి కదిలితే వోల్టేజీ కుంగుతుంది. 4 వోల్టుల కిందికి పడితే రిసీవరు ఆగి మళ్లీ మొదలవుతుంది. పైన విమానం రెండు సెకన్లు మాట వినదు. చాలామంది దీన్ని "రేంజి పోయింది" అంటారు. రేంజి కాదు, కరెంటు పోయింది. 3 ఆంపియర్ల స్విచింగ్ యూబెక్, అంటే అంతగా వేడెక్కని బీఈసీ, విడిగా పెట్టి, ఈఎస్‌సీ నుంచి రిసీవరుకు వచ్చే మూడు తీగల్లో ఎర్రదాన్ని ప్లగ్గులోంచి బయటికి లాగి టేపు చుట్టండి. పొట్టకు ముందు ఒక రంధ్రం, వెనక దానికంటే పెద్ద రంధ్రం కోస్తే గాలి పారుతుంది. ఈ రెండు పనులూ చేశాక మాకు పైన పట్టు తప్పడం ఆగింది.

సర్వోల సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. నైలాన్ పళ్ల 9 గ్రాముల సర్వో ముక్కు గుద్దుకున్న ప్రతిసారీ పన్ను పోగొట్టుకోవచ్చు. బయటికి తెలియదు. ఎలివేటర్ రెక్కను, అంటే ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకను, వేలితో మెల్లగా అటూ ఇటూ కదిపినప్పుడు ఒకచోట జారినట్టు అనిపించినా, స్టిక్కు వదిలాక మధ్యకు రాకపోయినా, ఊరికే గుర్రుమంటున్నా మార్చేయండి. ఎలివేటర్‌కు మాత్రం మొదటే లోహపు పళ్లది వేయండి. నాలుగైదు గ్రాముల బరువు పెరుగుతుంది, అంతే. ఎలరాన్లకు, అంటే విమానాన్ని పక్కకు వంచే రెక్క పలకలకు, కదలిక పైకి 12 మిల్లీమీటర్లు, కిందికి 8 చాలు. ఎలివేటర్‌కు అటు 10 ఇటు 10.

లైపో విషయంలో పాతవాళ్లు పూర్తిగా కొత్తగా నేర్చుకోవాలి. నికెల్ కాడ్మియం రోజుల్లో బ్యాటరీని అడుగంటా వాడి, మళ్లీ నిండా ఎక్కించి అల్మారాలో పెట్టేవాళ్లం. లైపోను ఈ రెండు అలవాట్లూ చంపుతాయి. సెల్లుకు 4.2 వోల్టులు నిండుగా, ఎగరేసి వచ్చి కాసేపు ఆగి చూస్తే 3.7 కి తగ్గకూడదు. 2200 ఎంఏహెచ్‌లో 80 శాతమే వాడుకోవాలి. సగటున 10 ఆంపియర్లు తీస్తే అది పది నిమిషాలు. రిమోటులో టైమరు 7 నిమిషాలకు పెట్టి, బ్యాటరీ తెల్ల ప్లగ్గుకు చిన్న అలారం తగిలించి ఎగురుతుండగా 3.5 దగ్గర మోగేలా చేయండి. 2.2 ఆంపియర్లతో, బ్యాలెన్స్ మోడ్‌లోనే ఛార్జి పెట్టండి. చాలా బ్యాలెన్స్ ఛార్జర్లు 12 వోల్టుల బ్యాటరీతోనూ నడుస్తాయి కనుక కరెంటు పోయినా ఇన్వర్టర్ బ్యాటరీ మీద పని కానివ్వొచ్చు. సిమెంటు గచ్చు మీద, మనిషి కళ్లెదుట పెట్టండి. పరుపు మీద, చెక్క బల్ల మీద వద్దు.

మే నెలలో బండి డిక్కీలో పెట్టిన లైపో సాయంత్రానికి ఉబ్బి కనిపిస్తుంది. ఎగరేసి దించగానే వేడిగా ఉన్నదాన్ని వెంటనే ఛార్జి పెట్టడమూ అంతే చేటు. జూన్‌లో వానలు మొదలయ్యాక ఇక్కడ నెలలపాటు ఎగరేసేది తక్కువ. ఆ కాలమంతా సెల్లుకు 3.8 దగ్గర స్టోరేజ్ మోడ్‌లో ఉంచండి. ఉబ్బినదాన్ని గుచ్చకండి, మళ్లీ ఛార్జి పెట్టకండి. ఆరుబయట 12 వోల్టుల 21 వాట్ల కారు బల్బు తగిలించి పూర్తిగా ఆరిపోనిచ్చి, ఈ-వేస్టుకు ఇవ్వండి. కొత్తవి ఆర్డరు పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: లైపోలు విమాన కొరియర్లో రావు, రోడ్డు మీదే వస్తాయి. గుణుపురం దాకా రావడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

ఎక్కడ ఎగరేయాలి? వరి కోతలవగానే పొలాలు ఖాళీ అనుకోకండి. చాలాచోట్ల అందులోనే మినుము, పెసర చల్లి ఉంటారు. అవీ తీశాక, మార్చి నుంచి అసలైన బయలు దొరుకుతుంది. పొలం ఆసామిని అడగకుండా దిగొద్దు. గట్లు చక్రాలను విరిచేస్తాయి కనుక ఇక్కడ చక్రాలు అనవసరం. చేత్తో విసిరి లేపి, పొట్ట మీద దించేలా కట్టుకోండి. పొట్టకు అడుగున మందపాటి టేపు రెండు వరుసలు చాలు. తాటి చెట్లున్న వైపు వీపు పెట్టి నిలబడండి, ఎదురుగా కాదు. తాటిచెట్టు దూరం కంటికి ఎప్పుడూ తప్పుగానే అందుతుంది. వేళ పొద్దున్నే, సూర్యుడు లేచిన గంటన్నరలోపు. బరంపురం వైపు పది దాటితే సముద్రపు గాలి మొదలవుతుంది. పర్లాకిమిడి వైపు మధ్యాహ్నం కొండల మీద నుంచి గాలి ముద్దముద్దలుగా దిగుతుంది. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో వేడిగాలి పైకి లేచి థ్రాటిల్ తీసేసినా విమానం దిగనంటుంది. గద్దలు రెక్క ఆడించకుండా సుడి తిరుగుతున్నాయంటే అక్కడ అదే ఉన్నట్టు.

చట్టం సంగతి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం సరదాకు ఎగరేసే మోడల్‌ను కంటికి కనిపించేంత దూరంలోనే నడపాలి. వ్యాపారానికి కాకుండా 2 కిలోల లోపు దానికి పైలట్ సర్టిఫికెట్టు అక్కర్లేదు. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగులు, అంటే 120 మీటర్లు, దాటకూడదు. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, ఆ తీరం జోలికి పోకండి. అడవి అంచున భద్రతా దళాల క్యాంపులకు దగ్గర్లోనూ వద్దు. రోజూ ఎగరేసే చోటు గురించి పోలీసు స్టేషన్‌లో ముందే చెప్పి ఉంచితే ఇబ్బంది రాదు. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ రెడీమేడ్ డ్రోన్ల దిగుమతి నిషేధంలో ఉంది, విడిభాగాలకు లేదు. మేం విడిభాగాల సెట్టునే ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

పొలానికి వెళ్లే ముందు సిమ్యులేటరు మీద కొన్ని వారాలు గడపండి. పికాసిమ్ ఉచితం. రిమోటు వెనక గుండ్రటి సాకెట్‌కు యూఎస్‌బీ కేబుల్ దొరుకుతుంది. పాత చేయి అన్నీ గుర్తుంచుకున్నా, విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు మాత్రం మరిచిపోతుంది. దీనికి పనికొచ్చే సూత్రం ఒకటే: ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపే స్టిక్కు నెట్టండి. విమానం వంగితే దానంతట అదే సరిదిద్దే గైరో పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి, గాలిలో సాయపడుతుంది. కానీ దిక్కు సరిచూడాలి. విమానాన్ని చేత్తో కుడికి వంచితే కుడి ఎలరాన్ దానంతట అది కిందికి దిగాలి. ముక్కు కిందికి వంచితే ఎలివేటర్ పైకి లేవాలి. తిరగబడి ఉంటే గైరోనే విమానాన్ని పడేస్తుంది.

మొదటిసారి విసిరే పని ఇంకొకరికి ఇవ్వండి. ఎదురుగాలికి, నేలకు సమాంతరంగా, థ్రాటిల్ మూడింట రెండు వంతులు. పైకి విసిరితే వేగం అందక అక్కడే కూలుతుంది. తాటిచెట్టుకు రెండింతల ఎత్తుకు వెళ్లేదాకా తిప్పకండి. ఆ ఎత్తులో స్టిక్కు వదిలినా నేరుగా వెళ్లేలా ట్రిమ్ములు సరిచేసి, థ్రాటిల్ తీసి, ఎలివేటర్ మెల్లగా లాగి, ఎంత నెమ్మదిస్తే ముక్కు పడిపోతుందో చూసుకోండి. ఆ వేగం కంటికి పరిచయం కాకుండా దింపడానికి రావొద్దు. దింపేటప్పుడు కూడా ఎదురుగాలికే రండి. నేలకు మీటరు ఎత్తులో థ్రాటిల్ పూర్తిగా తీసేస్తే ప్రొపెల్లరు బతుకుతుంది.

మొదటి ఆర్డరులోనే అదనంగా తీసుకోవాల్సినవి: ప్రొపెల్లర్లు ఆరు, సర్వోలు మూడు, ప్రొపెల్లరు బిగించే కోలెట్ ఒకటి, బ్యాటరీకి వాడే ఎక్స్‌టీ60 కనెక్టర్ల జతలు రెండు, యూబెక్ ఒకటి, రెండో లైపో. రెండో విమానం ఇప్పుడే వద్దు, అదే బాడీకి ఇంకో రెక్క కట్టి పక్కన పెట్టుకోండి.