చరిత్రలో ఈ రోజు: 366 పుటల బల్ల క్యాలెండరుతో ఒక ఏడాది

కిందటి డిసెంబరు చివరి వారంలో నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక స్టేషనరీ దుకాణంలో డైరీలు చూస్తుండగా ఈ క్యాలెండరు నా కంటబడింది. తేదీకి ఒకటి చొప్పున 366 పుటలు, వాటిని కలిపి పట్టిన తీగచుట్ట, బల్ల మీద నిలబడేందుకు వెనుక ఒక దళసరి అట్ట, ప్రతి పుట మీద అదే తేదీన వేర్వేరు శతాబ్దాలలో జరిగిన ఐదారు సంఘటనలు, అడుగున రెండు ఖాళీ గీతలు. ఇదీ దాని స్వరూపం. వారం పేరు అచ్చు వేయలేదు కాబట్టి ఏ సంవత్సరంలోనైనా వాడుకోవచ్చు. వెల 450 రూపాయలు. కావలి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్న నేను, ఉదయం ప్రార్థన సమావేశంలో పిల్లల చేత చదివించడానికి పనికివస్తుందని కొన్నాను. ఏడాది పాటు దాదాపు ప్రతి పనిదినమూ వాడిన తరువాత, కొనదలచుకున్న తోటి ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఒకే తేదీన జరిగినంత మాత్రాన రెండు సంఘటనలకు సంబంధం ఏర్పడదని పిల్లలకు మొదటి రోజే చెప్పాను. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన 1776 జూలై 4న ఆమోదం పొందింది. అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న పుట్టారు. వివేకానందుడు 1902లోనూ, పింగళి వెంకయ్య 1963లోనూ అదే తేదీన కన్నుమూశారు. వీటిలో ఒకటి మరొకదానికి కారణం కాదు. అయినా ఒకే చిలక్కొయ్యకు నాలుగు చొక్కాలు తగిలించినట్టు, ఒక తేదీ గుర్తున్న పిల్లవాడికి మిగిలిన మూడూ చేతికి అందుతాయి. నేను ఈ క్యాలెండరు నుంచి ఆశించింది అంతే, ఆ మేరకు అది మాట నిలబెట్టుకుంది. ఆ స్వాతంత్ర్య ప్రకటనను రూపొందించడంలో ముఖ్యులైన జెఫర్సన్, ఆడమ్స్ ఇద్దరూ సరిగ్గా యాభై ఏళ్ల తరువాత 1826 జూలై 4న, ఒకే రోజు మరణించారని చదివినప్పుడు, మామూలుగా ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందా అని చూసే పదో తరగతి వెనుక వరుస కూడా తలెత్తి విన్నది.

అన్నిటికంటే శ్రద్ధగా కూర్చినవి అంతరిక్ష విశేషాలున్న పుటలు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగే దాకా శ్రీహరికోట మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. మేడ మీదకు ఎక్కి రాకెట్టు వదిలిన పొగచారను చూస్తూ పెరిగిన పిల్లలకు జూలై 14 పుటలో 1789 నాటి బాస్టీలు కోట పతనం పక్కనే 2023లో మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3 బయలుదేరిన సంగతి కనిపించడం గొప్ప ఆకర్షణ. జూలై 22 పుటలో 1947లో రాజ్యాంగ సభ జాతీయ పతాకాన్ని ఆమోదించిన సందర్భమూ, 2019 నాటి చంద్రయాన్-2 ప్రయోగమూ ఉన్నాయి. ఫిబ్రవరి 15న గెలీలియో జననం పక్కన 2017లో ఒకే రాకెట్టుతో 104 ఉపగ్రహాలను పంపిన పీఎస్ఎల్వీ-సీ37 ప్రయోగం ఉంది. అయితే 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్ఎల్వీ-3 విజయాన్ని వేసిన సంకలనకర్తలు, అంతకు ముందు ఏడాది ఆగస్టు 10న అదే రకం రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయిన సంగతిని విడిచిపెట్టారు. నా దృష్టిలో విద్యార్థికి ఆ రెండు తేదీలూ కలిపి తెలియాలి. వైఫల్యం ఎదురైన రోజు సంస్థ అధిపతిగా సతీష్ ధవన్ తానే విలేఖరుల ముందుకు వచ్చి బాధ్యత వహించారనీ, మరుసటి ఏడాది గెలిచిన రోజు మాత్రం తనను ముందుకు పంపారనీ కలాం ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ ధవన్ పుట్టినది 1920 సెప్టెంబరు 25న. సరిగ్గా నూరేళ్లకు, 2020 సెప్టెంబరు 25న, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మరణించారు. నెల్లూరుకు ఇంత దగ్గరివారైన ఇద్దరి పేర్లు ఒకే పుటలో ఒకదాని కింద ఒకటి చూసినప్పుడు, ఈ ఒక్క పుట కోసమైనా కొనవచ్చుననిపించింది.

ఇక లోపాలు. వీటిని వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే పిల్లలు అచ్చులో ఉన్నదాన్ని నమ్ముతారు. నవంబరు 1 పుటలో "కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది" అని ముద్రించారు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది 1953 అక్టోబరు 1న. తెలంగాణతో కలిసి హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది 1956 నవంబరు 1న. తెలుగువారి కోసం తెలుగులో వేసిన క్యాలెండరులో ఈ రెండూ కలగాపులగం కావడం చిన్న పొరపాటు కాదు. అదే పుటలో 1755 నాటి లిస్బన్ భూకంపం, 1858లో అలహాబాదులో చదివిన విక్టోరియా రాణి ప్రకటన, 1954లో పుదుచ్చేరితో పాటు ఫ్రెంచి స్థావరాల పాలన భారతదేశం చేతికి వచ్చిన సందర్భం, మూడూ సరిగ్గానే ఉన్నాయి. దూరపు తేదీలను సరిచూసుకున్నవారు ఇంటి తేదీ దగ్గర తడబడ్డారు.

అక్టోబరు 1 పుటలో చైనా జన గణతంత్రం 1949లో, నైజీరియా స్వాతంత్ర్యం 1960లో అని రెండూ ఉన్నాయి, ఆంధ్ర రాష్ట్రం లేదు. 1993లో అదే తేదీ నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చిన సంగతీ లేదు. ఆ నిషేధానికి దారితీసిన ఉద్యమం మన జిల్లాలోని దూబగుంటలో, అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిపూట కూర్చున్న ఆడవాళ్ల మధ్య మొదలైంది. ఆ పుట చదివిన అమ్మాయి వేదిక దిగి వచ్చి, "సార్, మా అమ్మమ్మ కూడా సారా కొట్టు ముందు కూర్చున్నదంట, అది చరిత్ర కాదా?" అని అడిగింది. చరిత్రేనమ్మా అని చెప్పి, అడుగున ఉన్న ఖాళీ గీతల మీద ఆమె చేతనే రాయించాను. క్యాలెండరును మేము సరిదిద్దుకోవడం ఆనాటి నుంచే మొదలైంది.

ప్రకాశం పంతులుగారి విషయంలో మాత్రం నాకు నిజంగా బాధ కలిగింది. ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో ఆయన 1872 ఆగస్టు 23న పుట్టారు. ఆగస్టు 23 పుటలో 1939 నాటి జర్మనీ-సోవియట్ ఒప్పందం ఉంది, 2023లో సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన సంగతి ఉంది, పంతులుగారు లేరు. ఆ సాయంత్రం పిల్లలందరినీ తెర ముందు కూర్చోబెట్టి ఆ దృశ్యం చూపించినప్పుడు, ఈ రోజు ప్రకాశం జయంతి కూడానని చెప్పిన నాకు, ఆ వరుస ఖాళీగా కనిపించడం మింగుడుపడలేదు. ఆయన మరణ తేదీ మే 20 మాత్రం ఉంది. 1498లో వాస్కో డ గామా కాలికట్ తీరం చేరిన తేదీ కూడా అదే. కాని ఆ పుట వేసవి సెలవులలో వస్తుంది. 1913లో మన జిల్లా అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య మేడే నాడు పుట్టిన సంగతినీ చక్కగా వేశారు గాని, మే 1 కూడా సెలవుల పాలైంది. ఫిబ్రవరి 2 పుటలో 1943 నాటి స్టాలిన్‌గ్రాడ్ లొంగుబాటు ఉంది, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడిన సంగతి లేదు.

తేదీల లెక్క మీద సంకలనకర్తలు ఒక్క పుటైనా ముందుమాటగా రాసి ఉండవలసింది. యూరపు పాత క్యాలెండరులో పేరుకుపోయిన తేడాను సరిచేయడానికి 1582లో అక్టోబరు 4 మరునాటిని అక్టోబరు 15గా లెక్కించారు. ఇంగ్లండు ఆ పని 1752లో గాని చేయలేదు, అక్కడ సెప్టెంబరు 2 తరువాత సెప్టెంబరు 14 వచ్చింది. ఆ లెక్కన గెలీలియో పుట్టిన 1564 ఫిబ్రవరి 15 ఇప్పటి క్యాలెండరు ప్రకారం ఫిబ్రవరి 25 అవుతుంది. న్యూటన్ పుట్టిన 1642 డిసెంబరు 25 మరుసటి ఏడాది జనవరి 4 అవుతుంది. నవంబరు 7 పుటలో "అక్టోబరు విప్లవం" అని చదివిన పిల్లవాడు తప్పు చదివానేమోనని నా వైపు చూశాడు. రష్యాలో అప్పటికి పాత లెక్క ప్రకారం అక్టోబరు 25 అని చెప్పే ఒక్క వాక్యం ఆ పుటలో ఉంటే సరిపోయేది. మనిషి చంద్రుడి మీద దిగినది జూలై 20 అని వేశారు. నౌక దిగిన ఆ క్షణానికి మన గడియారంలో జూలై 21 తెల్లవారుజామున 1 గంట 47 నిమిషాలు.

మన పూర్వులు సంఘటనలను ఇలాంటి తేదీలతో గుర్తుంచుకోలేదు. నెల్లూరు జిల్లా శాసనాలలో కనిపించేవి శక సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం. అందువల్ల 1514లో కృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని పట్టుకున్న ఘట్టం వంటివి ఈ తరహా క్యాలెండర్లలో చోటు దొరక్క జారిపోతాయి. ఇప్పటికీ ఇళ్లలో పెద్దల తద్దినం తిథిని బట్టే పెడతాం, ఆ తిథి ఏటేటా వేరే తేదీకి వస్తుంది. తిథీ తేదీ మళ్లీ కలుసుకోవడానికి సుమారు 19 ఏళ్లు పడుతుంది. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు ఇంటికి వెళ్లి తమ తాతలను అడిగి, మరునాడు నాకంటే బాగా చెప్పారు. రాబోయే ముద్రణలో తిథి తెలిసిన సంఘటనలకైనా దాన్ని చేర్చితే ఈ వస్తువు విలువ రెట్టింపవుతుంది.

తయారీ సంగతి క్లుప్తంగా చెబుతాను. కాగితం మంచిది, సిరా అవతలి వైపుకు ఊరలేదు. అక్షరాలు చిన్నవి, నలభై దాటినవారికి కళ్లద్దాలు కావాలి. మా ఊరి సముద్రపు గాలికి తీగచుట్ట వానాకాలం నాటికే తుప్పు పట్టింది. జూన్ నెలలో రెండు పుటలు తారుమారుగా కూర్చారు. నా సవరణల పట్టికను అట్ట వెనుక ఉన్న చిరునామాకు పంపాను, జవాబు రావలసి ఉంది. ఈ లోపాలన్నిటితోనూ, తరగతి గదికి కొనమనే చెబుతాను. కాని అచ్చును తుది మాటగా తీసుకోకుండా పక్కన ఒక కలం పెట్టుకొని వాడాలి. ఇంట్లో ఒంటరిగా చదువుకునే పిల్లలకు ఇవ్వదలచినవారు సవరించిన ముద్రణ వచ్చే వరకు ఆగడం మేలు.

ఈ క్యాలెండరు నిర్మాణమే ఒక పాఠమైన సందర్భం మాత్రం చెప్పాలి. అక్టోబరు 19 పుటలో 1781లో యార్క్‌టౌన్ వద్ద కార్న్‌వాలిస్ సేన లొంగిపోయిన సంగతి ఉంది. అక్కడ ఓడిన ఆ కార్న్‌వాలిస్ ఐదేళ్లకే గవర్నరు జనరలుగా మన దేశానికి వచ్చాడు. దాని కిందనే, 1952లో మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష ప్రారంభించారని ఒక్క పంక్తి. డిసెంబరు 15 పుటలో 1933లో బాపు జననం, 1950లో సర్దార్ పటేల్ మరణం, 1952లో శ్రీరాములు ఆత్మార్పణం. యాభై ఎనిమిది రోజులు అని పాఠంలో చదవడం వేరు. ఆ ఉదయం సారా ఉద్యమం గురించి అడిగిన అమ్మాయినే పిలిచి, అక్టోబరు 19 నుంచి ఒక్కొక్క పుటా తిప్పుతూ పైకి లెక్కపెట్టమన్నాను. మొదట్లో పిల్లలు కూడా గొంతు కలిపారు. ఇరవై దాటేసరికి వాళ్ల గొంతులు తగ్గాయి. నలభై దాటాక ఆమె గొంతు, పుట తిరిగే చప్పుడు మాత్రమే వినిపించాయి. యాభై ఎనిమిదో పుట డిసెంబరు 15.

అక్కడి నుంచి మరో నాలుగు పుటలు తిప్పమన్నాను. డిసెంబరు 19 పుటలో 1961 నాటి గోవా విమోచన అచ్చయి ఉంది. 1952లో ఆ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని నెహ్రూ లోక్‌సభలో ప్రకటించిన సంగతి అచ్చులో లేదు. అడుగున ఉన్న రెండు గీతల మీద ఆ వాక్యం ఇప్పుడు ఆ అమ్మాయి చేతిరాతలో ఉంది.